ఎవరి గంట ఖరీదెంత?

రోడ్డుకు శంకుస్థాపన జరిగిన ప్రతిసారీ మంత్రుల నోట మొదట వచ్చే మాట ప్రయాణకాలం తగ్గుతుందని. ఈ పట్నం నుంచి ఆ పట్నానికి ఎనిమిది గంటలు పట్టేది, ఇకమీదట అయిదు గంటల్లో పోవచ్చునంటారు. మాట అబద్ధం కాదు. కానీ ఆ రోడ్డు చీల్చుకుపోయిన పొలం రైతుకు, నిన్నటిదాకా నాలుగంగల్లో దాటి చేనికి పోయిన కూలికి ఎంత కాలం పెరిగిందో ఏ శిలాఫలకం మీదా రాయరు. ఒకరికి తగ్గిన కాలం లెక్కకు ఎక్కుతుంది, మరొకరికి పెరిగిన కాలం గాలికి పోతుంది. ఇది మరపువల్ల జరుగుతున్నది కాదు. లెక్క వేసే పద్ధతిలోనే ఈ తేడా వుంది. ఆ పద్ధతి ఏమిటో రైతాంగమూ, వ్యవసాయ కార్మికులూ తెలుసుకోవటం అవసరం.

లెక్క ఎట్లా వేస్తారు?

వందల, వేల కోట్ల ప్రజాధనం ఒక రోడ్డు మీద పెట్టాలంటే దానివల్ల దేశానికి ఎంత లాభమో ముందుగా లెక్కగడతారు. ఇంగ్లండులో లండన్-బర్మింగ్‌హాం మోటారు రహదారి మీద అక్కడి రోడ్డు పరిశోధనాశాల 1960లో ప్రచురించిన లెక్క ఇటువంటివాటిలో మొదటి తరానికి చెందింది. మన దేశంలో కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ 1982లో రోడ్డు వాడకందారుల ఖర్చులమీద పెద్ద అధ్యయనం చేసింది. దాని ఆధారంగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక కరదీపిక తయారుచేసి, 1993లోనూ 2009లోనూ సవరించింది. ప్రపంచబ్యాంకు తయారుచేయించిన కంప్యూటరు పద్ధతి కూడా ఇంజనీర్ల చేతుల్లో వుంది.

ఈ లెక్కలో లాభాలు ముఖ్యంగా మూడు. బండి నడిపే ఖర్చు - అంటే డీజిలు, టైర్లు, మరమ్మతులు - తగ్గటం ఒకటి. ప్రయాణీకుల కాలం ఆదా కావటం రెండు. ప్రమాదాలు తగ్గటం మూడు. మూడింటినీ రూపాయల్లోకి మార్చి, పెట్టిన ఖర్చుతో పోల్చి, ఏటా నూటికి ఎంత గిట్టుబాటో చూస్తారు. మన దేశంలో పన్నెండు శాతం గిట్టితే రోడ్డు వేయదగినదని చాలాకాలంగా కొలబద్ద.

డీజిలుకు బజారులో ధర వుంది, టైరుకూ వుంది. మనిషి గంటకు, మనిషి ప్రాణానికి బజారులో ధర ఏదీ? అసలు తిరకాసు ఇక్కడే మొదలవుతుంది.

గంటకు జీతాన్ని బట్టి ధర

పనిమీద ప్రయాణం చేసేవాడి గంటకు, ఆ గంటకు అతని యజమాని ఇచ్చే జీతమే విలువ అన్నారు ఆర్థికవేత్తలు. తీరిక ప్రయాణాలకు - చుట్టాల ఇంటికి, సంతకు, ఆస్పత్రికి - అందులో కొంత భాగమే కడతారు. ప్రపంచబ్యాంకు 1997లో విడుదల చేసిన ఒక సూచన ప్రకారం, వేరే వివరాలు దొరకనిచోట పెద్దవాళ్ల తీరిక గంటకు కుటుంబంలో తలసరి ఆదాయంలో 30 శాతం, పిల్లల గంటకు 15 శాతం కట్టుకోవచ్చు.

ఇంటినుంచి పనిచోటికి పోయే ప్రయాణాన్ని ఏ ఖాతాలో వేస్తారు? తీరిక ఖాతాలోనే! యజమాని జీతమిచ్చే కాలం కాదు కాబట్టి అది పని కాదట. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, అన్నం మూట కట్టుకుని, అయిదు కిలోమీటర్లు నడిచి కలుపుతీతకు పోయే ఆడకూలి ఆ నడిచినంతసేపూ తీరిగ్గా వున్నట్టే లెక్క. కంపెనీ కారులో కంపెనీ పనిమీద పోయే అధికారి మాత్రం వెనకసీటులో కునుకు తీసినా పనిలో వున్నట్టే లెక్క.

అంకెలు వేసి చూద్దాం. 2025-26లో ఉపాధి హామీ పనికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రకటించిన రోజుకూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38 రూపాయల చిల్లర. ఆమె నడక తీరిక ఖాతాలో పడింది కాబట్టి 30 శాతం కడితే పదకొండున్నర రూపాయలు. నిజానికి కుటుంబం మొత్తానికి తలసరి తీస్తే ఇంకా తక్కువే వస్తుంది. నడకకు, బస్సు కోసం కాసే కాలానికి ఒకటిన్నర రెట్లు విలువ కట్టాలని ఆ ప్రపంచబ్యాంకు సూచనలోనే వుంది. సరే, అదీ కలుపుదాం. గంటకు పదిహేడు రూపాయలయింది.

ఇప్పుడు నెలకు అరవైవేలు జీతం వచ్చే అధికారిని తీసుకోండి. నెలకు రెండువందల గంటల పని అనుకుంటే అతని గంట 300 రూపాయలు. ఇద్దరు అధికారులు కంపెనీ పనిమీద ఒక కారులో పోతున్నారు. కొత్త రోడ్డువల్ల వాళ్లకు పది నిమిషాలు కలిసొచ్చాయి. దేశానికి నూరు రూపాయల లాభం జమ! అదే రోడ్డువల్ల కూలీలకు చుట్టుదారి పడి రోజుకొక గంట నడక పెరిగింది. ఆ నూరు రూపాయలకు తూగాలంటే ఆరుగురు కూలీలు తలా ఒక గంట నడవాలి. ఆరుగంటల కాలినడక ఒకవైపు, కారులో ఇద్దరికి తలా పది నిమిషాలు మరొకవైపు - తక్కెడ సమానంగా నిలుస్తుంది. ఇంక రోడ్డు ఎవరికోసం వేస్తారో వేరే చెప్పాలా?

ఇది మార్చటానికి వీల్లేని ప్రకృతిధర్మమా అంటే, కానే కాదు. పెట్టుబడిదారీ దేశమైన బ్రిటనులోనే తీరిక ప్రయాణాల గంటకు ధనికుడికీ పేదకూ ఒకే సగటు విలువ కట్టే పద్ధతి దశాబ్దాలుగా వుంది. జీతాన్నిబట్టి కడితే రోడ్లన్నీ ధనికుల పేటలకే పోతాయని అక్కడి అధికారులే గుర్తించారు. ఇక్కడివాళ్లు గుర్తించకపోవటానికి అడ్డం గణితశాస్త్రం కాదు.

లెక్కలోకే రాని గంటలు

తక్కువ విలువ కట్టటం ఒక అన్యాయమైతే, అసలు లెక్కలోకే తీసుకోకపోవటం అంతకంటే పెద్ద అన్యాయం. రోడ్డు లెక్కకు ఆధారం బండ్ల లెక్కింపు. రోడ్డు పక్కన మనుషులను కూచోబెట్టి కార్లు ఎన్ని, లారీలు ఎన్ని, బస్సులు ఎన్ని అని రాయిస్తారు. రోడ్డు పొడవునా పోయేవాడు ఆ పుస్తకంలో పడతాడు. రోడ్డును అడ్డంగా దాటేవాడు పడడు. మందను తోలుకుపోయే గొర్రెలకాపరి, బిందె నెత్తిన పెట్టుకున్న ఇల్లాలు, గడ్డిమోపుతో వచ్చే పాలికాపు, బడికి పోయే పిల్ల - వీళ్లంతా దాటేవాళ్లే.

ఇప్పుడు వేస్తున్న రోడ్లు చాలావరకు కట్టుదిట్టమైన దారులు. రెండుపక్కలా కంచె వుంటుంది, ఎక్కటానికీ దిగటానికీ కొన్నిచోట్లే అనుమతి. హైదరాబాదు చుట్టూ వున్న 158 కిలోమీటర్ల వలయ రహదారి మీద మోటారు సైకిలుకు, ఆటోకు చోటు లేదు. బెంగుళూరు-విజయవాడ మార్గంలో కొడికొండ నుంచి ముప్పవరం దాకా మెట్ట పొలాలమీదుగా తలపెట్టినది కూడా ఇటువంటి దారే. అండర్‌పాస్ ఎక్కడ పెడితే అక్కడే దాటాలి. పొలం ఇవతల, బోరు అవతల పడ్డ రైతు ట్రాక్టరును రెండు మూడు కిలోమీటర్లు చుట్టు తిప్పుకుపోవాలి. దున్నకానికి, విత్తనానికి, ఎరువుకు, కోతకు - ఏడాదికి ఎన్నిసార్లు తిరగాలి! ఆ డీజిలూ ఆ కాలమూ రోడ్డు ఖర్చులో పడటం లేదు.

విచిత్రమేమంటే, మన దేశపు చట్టమే ఒకచోట నడకకు ధర కట్టింది. 2005 గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనిని ఇంటికి అయిదు కిలోమీటర్ల లోపల చూపించాలన్నది. అంతకు మించి దూరమైతే కూలికి పదిశాతం అదనంగా ఇవ్వాలన్నది. ఎంత చాలీచాలకపోయినా, దూరం కూలి నెత్తిన పడే ఖర్చేనని పార్లమెంటు ఒప్పుకున్నట్టే కదా! రోడ్డు కరదీపికలకు మాత్రం ఆ సంగతి అందలేదు.

ఆడవాళ్ల కాలం సంగతి మరీ ఘోరం. 2019లో కేంద్రప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనికి రోజుకు ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అయిదు గంటల ఇంటిపని మీద బస్సుస్టాండులో గంట కాయటం అదనం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. ఛార్జీ పోయింది గాని కాసే కాలం పోలేదు. బస్సే రాని ఊరికి ఉచితం ఏం ఒరగబెడుతుంది?

ప్రాణానికి కట్టే ధర

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణాశాఖ నివేదిక చెప్పింది. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులే. చావుల్లో నూటికి 36 వాటిమీదే, ఎక్స్‌ప్రెస్ దారులతో కలిపి. చనిపోయినవాళ్లలో మోటారు సైకిళ్లు, స్కూటర్లమీద పోయేవాళ్లు 44.5 శాతం. కాలినడకన పోయేవాళ్లు 19.5 శాతం. కార్లు, జీపులు, వ్యానుల్లో వున్నవాళ్లు 12.5 శాతం. నూటికి 68 చావులు గ్రామీణ ప్రాంతాల్లోనే. కాలం కలిసొచ్చేది ఎక్కువగా కారులో వున్నవాడికి, ప్రాణం పోయేది ఎక్కువగా కారు బయట వున్నవాడికి అన్నమాట.

ప్రమాదం తగ్గితే వచ్చే లాభాన్ని లెక్కగట్టటానికి రెండు దారులున్నాయి. మనిషి బతికివుంటే ఎంత సంపాదించేవాడో అదే ప్రాణం విలువ అనేది ఒకటి. ప్రమాదం తగ్గించుకోటానికి జనం ఎంత డబ్బు పెట్టటానికి సిద్ధపడతారో చూసి కట్టేది రెండోది. మొదటిదాంట్లో సంపాదన లేనివాడికి విలువ లేదు. రెండోదాంట్లో జేబులో డబ్బు లేనివాడికి ప్రాణంమీద తీపి లేనట్టు లెక్క. ఏ దారిన పోయినా పేదవాడు చవకే.

మన కోర్టుల్లో నష్టపరిహారం మొదటి దారినే నడుస్తుంది. సుప్రీంకోర్టు 2009లో సరళావర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఖాయపరచిన సూత్రం ప్రకారం ఒక లెక్క వేద్దాం. ముప్పై ఎనిమిదేళ్ల కూలి, నెలకు తొమ్మిదివేల ఆదాయం, నలుగురు ఆధారపడ్డవాళ్లు. ఏడాదికి 1,08,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపి, సొంతఖర్చుకింద నాలుగో వంతు తీసేసి, వయసునుబట్టి 15తో గుణిస్తే 17,01,000 రూపాయలు. అదే వయసు, అదే కుటుంబం, అరవైవేల జీతంతో పర్మనెంటు ఉద్యోగి అయితే భవిష్యత్తుకింద 50 శాతం కలుస్తుంది. ఆదాయపు పన్ను కోతను పక్కన పెడితే 1,21,50,000. జీతాల్లో తేడా ఏడు రెట్ల లోపే. చావులో తేడా ఏడు రెట్లు దాటింది. ఎందుకంటే కూలి భవిష్యత్తు కూడా ఉద్యోగి భవిష్యత్తుకంటే పది పైసలు తక్కువ.

అయితే ఇంటిపనిచేసే ఆడదాని సంగతేమిటి? 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన పట్టికలో సంపాదనలేని మనిషికి ఏడాదికి 15,000 రూపాయలు ఊహాదాయంగా రాసి, ఏళ్లతరబడి దాన్ని ముట్టుకోలేదు. భార్యకు సంపాదన లేకపోతే భర్త ఆదాయంలో మూడోవంతు అన్నారు. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో, కృష్ణాజిల్లా రైతుకుటుంబంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ పైన చెప్పిన సర్వే అంకెలనే ఎత్తిచూపి, ఇంటిపనికి ఆదాయం కట్టటం ఆ శ్రమను గుర్తించటమేనని చెప్పారు. కోర్టు ఇంతదూరం వచ్చింది. రోడ్డు వేసేవాళ్లు ఇంకా రావలసివుంది.

ఒక విషయంలో తికమక పడకూడదు. చనిపోయినవాడి ఆదాయంమీద బతికే కుటుంబానికి పోయినదాన్ని భర్తీచేయటం ఒక సంగతి. దానికి ఆదాయం చూడకతప్పదని వాదించవచ్చు. కానీ ఏ మలుపులో వంతెన కట్టాలి, ఏ ఊరిదగ్గర బండ్ల జోరు తగ్గించాలి అనేది చావుకు ముందు తీసుకునే నిర్ణయం. అక్కడ కూడా కాబోయే మృతుడి జీతం చూసి ఖర్చుపెట్టటం ఏ న్యాయం?

తండా ఒకవైపు, బతుకు ఒకవైపు

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, హైదరాబాదు-బెంగుళూరు రహదారి బైపాసు పక్కన పెద్దకుంట తండా వుంది. లంబాడీల గుడిసెలు ఒకవైపు, పంచాయతీ ఊరు, ప్రభుత్వ పనులు మరోవైపు. రోడ్డు దాటుతూ ఆ చిన్న తండాలో ముప్పైమందికి పైగా మగవాళ్లు ఏళ్లమీద చనిపోయారని 2015లో దేశవిదేశాల పత్రికలు రాశాయి. వితంతువుల తండా అని పేరు పడింది. ఆ బైపాసు లెక్క వేసిన కాగితాల్లో కారువాడికి మిగిలిన నిమిషాలు వుండివుంటాయి. దాటేవాడికి దారి మాత్రం లేకపోయింది.

కూలీలు రోడ్డుమీద చచ్చేది దాటుతూనే కాదు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మిరపకోతకు పోతున్న ఆడకూలీల ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిదిమంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న వలిగొండ మండలంలో వ్యవసాయ పనికి పోతున్న ట్రాక్టరు మూసీ కాలవలో పడి పదిహేనుమంది పోయారు. డ్రైవరు తప్పా, గట్టు తప్పా అని విచారణలు జరుగుతాయి. మొదట అడగవలసిన ప్రశ్న వేరు. మనుషులు ట్రాలీలో ఎందుకెక్కారు? పొద్దున్నే ఆ దారిన బస్సు లేదు. నడిస్తే పని వేళకు అందరు. ఆలస్యమైతే ఆనాటి కూలి పోతుంది. అంటే కూలికి తన కాలం విలువ తెలియక కాదు, బాగా తెలుసుకనుకనే ప్రాణం ఒడ్డి ట్రాలీ ఎక్కుతుంది. పైగా ట్రాలీలో మనుషులను ఎక్కించటం నిబంధనలకు విరుద్ధం కాబట్టి పరిహారం తమ బాధ్యత కాదని బీమా కంపెనీలు వాదిస్తాయి.

జోరుకూ ప్రాణానికీ తగాదా

కాలం ఆదా చేయాలంటే జోరు పెంచాలి. బండ్ల సగటు జోరు ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. కాబట్టి ఒక ఖాతాలో కాలం లాభం, మరో ఖాతాలో ప్రాణనష్టం ఒకేసారి పెరుగుతాయి. ప్రాణం చవకగా, కారువాడి నిమిషం ఖరీదుగా కడితే జోరు గెలిచితీరుతుంది. స్వీడన్ పార్లమెంటు 1997లో ఈ బేరాన్నే తోసిపుచ్చింది. కాలానికి ప్రాణాన్ని మారకం వేయరాదని, రోడ్డుమీద ఎవరూ చావకుండా, బతుకు చెడే గాయాలు తగలకుండా చూడటమే రోడ్డు నిర్మాణానికి లక్ష్యమని తీర్మానించింది.

రోడ్లు వద్దంటున్నారా అని కొందరు అడగవచ్చు. వద్దని ఏ రైతూ అనడు. పాలు విరగకముందే కేంద్రానికి చేరాలన్నా, టమాటా కుళ్లకముందే మదనపల్లి మార్కెట్టుకు పోవాలన్నా, పురిటినొప్పుల మనిషి సకాలంలో ఆస్పత్రికి చేరాలన్నా రోడ్డు కావాలి. ఆ మాటకొస్తే, ఊరినుంచి మండలానికి పోయే గతుకుల రోడ్డు బాగుపడితే మిగిలే గంటలు లక్షలమందివి. వాళ్ల గంట చవక కాబట్టే ఆ రోడ్డుకు గిట్టుబాటు తక్కువ చూపిస్తుంది, పెద్దరోడ్డు ముందుకొస్తుంది. గంటకు విలువ కట్టటమే తప్పని కూడా అనటంలేదు. కట్టకపోతే సున్నా కడతారు. ఎవరిది ఎంత కడుతున్నారన్నదే తగాదా.

ఏం అడగాలి?

ఒకటి, పని అయినా తీరిక అయినా గంటకు అందరికీ ఒకే విలువ కట్టాలి. ప్రాణానికీ అంతే. రెండు, రోడ్డు దాటేవాళ్లను, చుట్టుదారి పడే బండ్లను లెక్కించి, పెరిగే కాలాన్ని రోడ్డు ఖర్చులో రాయాలి. మూడు, సర్వీసు రోడ్డు, ట్రాక్టరు పట్టే అండర్‌పాస్ ప్రధాన రోడ్డుతోపాటే పూర్తికావాలి, తర్వాత చూద్దామంటే కుదరదు. నాలుగు, నాట్లు, కోతల కాలంలో కూలీల వేళలకు ఆర్టీసీ బస్సులు నడపాలి.

అడగటానికి చోటులేదని అనుకోనవసరం లేదు. జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూసేకరణ ప్రకటన వెలువడిన 21 రోజుల్లో రైతు అభ్యంతరం దాఖలు చేయవచ్చు. భూమి రెండుగా చీలినందువల్ల కలిగే నష్టాన్ని, సంపాదనకు కలిగే దెబ్బను పరిహారంలో లెక్కించాలని ఆ చట్టంలోని 3-జి సెక్షన్ 7వ ఉపవిభాగమే చెబుతున్నది. కొత్త జాతీయ రహదారులకు పర్యావరణ అనుమతి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అక్కడికి నినాదంతోపాటు అంకె కూడా తీసుకుపోవాలి. మా ఊరినుంచి రోజూ ఎంతమంది దాటుతారు, ఎన్ని ట్రాక్టర్లు తిరుగుతాయి, ఎంత చుట్టు పడుతుంది, ఏడాదికి ఎన్ని గంటలు - రైతుసంఘం, వ్యవసాయ కార్మికసంఘం కలిసి కూచుంటే వారంరోజుల్లో తేలే లెక్క ఇది.

భూమిలేని కూలికి ఆ 21 రోజుల హక్కు కూడా లేదు. సెంటు భూమి పోకపోయినా రోజుకొక గంట బతుకు పోయేది వాళ్లదే. కాబట్టి రైతు తన అభ్యంతరం రాసేటప్పుడు తన చేలో పనికి వచ్చేవాళ్ల గంటలు కూడా కలిపి రాయాలి. రోడ్డు అందరి డబ్బుతో పడుతున్నది. లెక్కలో అందరి గంటా పడాలి.